కమల వరి లెక్కలు మా కుప్పల దగ్గర తేల్చండి

కేంద్ర వ్యవసాయ శాఖ మంత్రి శ్రీ శివరాజ్ సింగ్ చౌహాన్ గారికి,

నమస్కారం. 2025 మే 4న మీరు ఢిల్లీలో ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాలకూ పుట్టినిల్లు మా తెలుగు నేలే. కమల తల్లి బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, పూసా డీఎస్‌టీ-1 తల్లి మార్టేరు కాటన్‌దొర సన్నాలు. పైగా కమలను తయారుచేసింది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ. ఆ మాటకు సంతోషమే. ఇందులో బీటీ పత్తిలోలా బయటి జన్యువు చొప్పించలేదనీ, ఉన్నదాన్నే కత్తిరించి సరిచేశారనీ తెలుసు. నేను ఈ విద్యకు వ్యతిరేకిని కాను.

నా పేచీ అంతా లెక్కల దగ్గరే. సాంబ మసూరి సగటు హెక్టారుకు 4.5 టన్నులైతే కమల 5.37 టన్నులిచ్చిందని, అంటే 19 శాతం ఎక్కువని చెప్పారు. మా భాషలో ఎకరాకు 24 బస్తాలు, 29 బస్తాలు (75 కిలోల బస్తా). కృష్ణా డెల్టాలో కాలం కలిసొస్తే పాత సాంబ మసూరే 30 దాటుతుంది! దేశమంతటి సగటు మాకెందుకు? డెల్టా నల్లరేగడిలో ఎంత, నిజామాబాద్ బోరు నీళ్ళ కింద ఎంత, ఎక్కడ తల్లి కంటే వెనకబడింది? ఏ ఊళ్ళో ఏ ఏడాది ఎంత వచ్చిందో తెలుగులో అచ్చువేసి రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో అంటించండి. పరీక్షల ఫలితాలను తారుమారు చేశారని కొన్ని సంఘాలు ఆరోపిస్తున్నాయి. వాళ్ళను తిట్టిపోస్తే సరిపోదు, కాగితాలు బయటపెట్టాలి.

కమల సాంబ మసూరి కంటే 20 రోజులు ముందే కోతకొస్తుందనీ చెప్పారు. నిజానికి నాకు 19 శాతం కంటే ఆ 20 రోజుల ముందు కోతే ముద్దు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన చేలు నేలకొరిగి, పనల మీదే గింజ మొలకెత్తింది. అప్పటికే గింజ ఇంటికి చేరి ఉంటే ఆ నష్టం తప్పేది. కోతకు ముందు చేలో మినుము చల్లుకునే మాకు నేలలో పదును (తేమ) కూడా దొరుకుతుంది. అయితే ఎండాకు తెగులూ, దోమపోటూ తట్టుకుంటుందా? మిల్లరు గుప్పెడు గింజలు నలిపి, నోట్లో వేసుకుని కొరికి, "నూక పోతుందండీ" అని ధర కోస్తే ఆ 20 రోజుల లాభం అక్కడే పోతుంది. వండి చూసినవాళ్ళెవరో, మర పట్టించినవాళ్ళెవరో చెప్పండి.

ఇంకోటి. 2022 మార్చి 30 ఉత్తర్వుతో ఈ తరహా రకాలను జన్యుమార్పిడి పంటల అనుమతుల నుంచి మినహాయించారు. ఆ వెసులుబాటు సైంటిస్టులకు సరే, కానీ బస్తా మీద జన్యు సవరణ విత్తనమని రాయకుండా అమ్మొద్దు. కలుపు మందు తట్టుకునే పత్తికి అనుమతే లేకపోయినా లూజు ప్యాకెట్లలో మా ఊళ్ళకొచ్చింది. సర్కారు నోరు విప్పకపోతే డీలరు చెప్పిందే వేదం.

చివరిగా పేటెంటు సంగతి. జన్యువును కత్తిరించే ఆ కత్తెర సాంకేతికత (క్రిస్పర్) హక్కులు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. మేము విత్తనం దాచుకోవచ్చని, పక్కింటాయనకు బదులివ్వొచ్చని 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం చెబుతోంది. కమలకూ అది వర్తిస్తుందని మీ శాఖ లిఖితపూర్వకంగా చెప్పాలి. నారుమళ్ళు పోసే లోపే చెప్పాలి.

ఇట్లు,
కృష్ణా డెల్టా వరి రైతు