కోకాపేట ఫ్లాటు రేటు లెక్క

ఒరేయ్ రాఘవా,

హైదరాబాదు పడమటి శివారు కోకాపేటలో ఫ్లాటు చదరపు అడుగు తొమ్మిది వేలేంట్రా, ఇటుకా సిమెంటూ అంత పెరిగాయా అని అడిగావు. అసలు మంట ఇటుకల్లో లేదురా, కింద నేలలో ఉంది. 2021లో హైదరాబాదు చుట్టుపక్కల అభివృద్ధి చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండీఏ అక్కడ వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టుకి కోకాపేటలోనే ఉన్న లేఅవుట్ నియోపోలిస్‌లో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్ల లెక్కన వెళ్లింది. ఎకరమంటే 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల పైమాటే. ఆ ఎకరంలో బిల్డరు 4 లక్షల అడుగులు కట్టాడనుకో, అడుక్కి నేల బాపతే 2,500 పడుతుంది. టవరు లేవడానికి నాలుగేళ్లు పట్టి, ఆ డబ్బుకి 12 శాతం చక్రవడ్డీ నడిస్తే అదే 3,900 దాటుతుంది. అప్పటికింకా ఒక్క ఇటుకైనా లెక్కలోకి రాలేదు చూడు.

హైదరాబాదులో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (నేల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క) పరిమితి లేదు కదా, ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు, మరి చవకవ్వాలిగా అంటావేమో. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే ఎత్తుకి వెళ్లొచ్చు, నిజమే. కానీ నేల అమ్మేవాడూ ఎన్ని అంతస్తులు లేస్తాయో లెక్కేసుకునే ఎకరం ధర చెబుతాడు. ఒక్క వేలం పాట అయ్యిందంటే పక్క ఊళ్లో తన పొలాన్ని బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చే రైతు కూడా ఆ అంకె దగ్గరే బేరం మొదలుపెడతాడు. వేలం వేసేది ప్రభుత్వమే కాబట్టి ధర దిగాలని దానికీ ఉండదు. నాకు మింగుడుపడనిది ఇదే.

ఇక నీ ఫ్లాటు. 1,800 అడుగులు అన్నాడంటే అది సూపర్ బిల్టప్, అంటే గోడలు, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోటులో నీ వాటా కూడా కలిపిన లెక్క. ఇంటి లోపల వాడుకునే చోటు, అదే కార్పెట్ ఏరియా, 70 శాతమైతే నీ కాలి కింద ఉండేది 1,260. కాబట్టి 9,000 రేటు నిజానికి 12,850 పైన. 1.62 కోట్ల మీద జీఎస్టీ 5 శాతం 8.10 లక్షలు, రిజిస్ట్రేషన్ 7.5 శాతం 12.15 లక్షలు. పార్కింగు, క్లబ్ హౌసు, కార్పస్ ఫండు (నిర్వహణ కోసం ముందే కట్టే నిధి), ఫ్లోర్ రైజు (పై అంతస్తుకి వేసే అదనపు రేటు) ఇందులో లేవు, విడివిడిగా రాయించుకో. ఓసీ, అంటే కట్టడం పూర్తయి నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం, వచ్చిన ఫ్లాటైతే జీఎస్టీ ఉండదు, రేటు పోల్చేటప్పుడు అది మరిచిపోకు.

యూడీఎస్, అంటే కింద నేలలో నీ పేర వచ్చే విభజించని వాటా, ఎన్ని గజాలో తప్పకుండా అడుగు. పైన చెప్పిన లెక్కన 1,800 అడుగుల ఫ్లాటుకి వచ్చేది 22 గజాల లోపే. ఐదంతస్తుల అపార్టుమెంటులో ఇంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. బిల్డింగు పాతబడేకొద్దీ విలువ నిలిచేది ఆ గజాల్లోనే రా.

ప్రీలాంచ్ అని, అంటే అనుమతులు రాకముందే అమ్ముతూ, తక్కువ రేటు చెబితే మాత్రం ఆశపడకు. రెరా (కొనేవాళ్ల రక్షణకి పెట్టిన రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందు అమ్మడమే చట్టవిరుద్ధం. ఆ నంబరుంటే కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. లేకపోతే నీ డబ్బుతో ఇంకోచోట నేల కొంటాడు, నీ టవరు పునాదుల్లోనే ఆగిపోతుంది.

సంతకం పెట్టేముందు ఒకసారి నాగోలు, ఉప్పల్ వైపు కూడా చూడరా. అక్కణ్ణుంచి మెట్రో రైలు మారకుండా నేరుగా రాయదుర్గం వెళ్తుంది. కోకాపేటకి ఆ మెట్రో లేదు. కొటేషను కాగితం ఫోటో తీసి పంపు, వరసలన్నీ కూడి చూద్దాం.

నీ
శీను