పాత ఫోను కొనేవాళ్లకు పూర్తి సంగతి చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇన్ని కాలేజీలు, హాస్టళ్లు ఉన్న తిరుపతిలో సెకండ్‌హ్యాండ్ ఫోన్లకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ఈమధ్య పిల్లలు ఐఎంఈఐ (ప్రతి ఫోనుకూ ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు) చెక్ చేయకుండా కొనడం లేదు, సంతోషమే. కానీ చెక్ చేశాక వచ్చే జవాబును ఎలా చదవాలో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు, కొందరు షాపువాళ్లు ఆ జవాబునే చూపించి సరుకు అంటగడుతున్నారు.

మా వీధిలో అద్దెకుండే డిగ్రీ అబ్బాయికి ఇలాగే జరిగింది. షాపతను వాడి ముందే టెలికాం శాఖ వాళ్ల 14422 నంబరుకి ఐఎంఈఐ మెసేజ్ పెట్టి, "చూడు బాబూ, వాలిడ్ అని వచ్చింది, ఇంక నీకు టెన్షన్ లేదు" అన్నాడట. కొన్నాళ్లు బాగానే పనిచేసింది, తర్వాత ఉన్నట్టుండి టవర్ పోయింది. సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే కాల్స్ వెళ్తున్నాయి, ఇందులో వేస్తే లేదు, వైఫై మాత్రం మామూలుగానే వస్తోంది. సిమ్‌దే తప్పనుకుని పాపం సిమ్ కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగాడు. చివరికి అదే ఐఎంఈఐ మళ్లీ చెక్ చేస్తే ఈసారి బ్లాక్‌లిస్టెడ్ అని వచ్చింది. బ్లాక్ చేసేది మొబైల్ నెట్‌వర్క్‌లో కాబట్టి వైఫైకి ఏమీ కాదు.

అంటే కొన్న రోజు వచ్చిన జవాబు అబద్ధం కాదు, అసలు యజమాని ఫిర్యాదు అప్పటికి ఇంకా ఎక్కలేదు, అంతే. తిరుమలకు వచ్చే యాత్రికుల సంగతి మనకు తెలియనిదా? రద్దీలో ఫోను పోతే ముందు ఊరు చేరడమే చూసుకుంటారు. పోలీసు ఫిర్యాదు ఇచ్చి, డూప్లికేట్ సిమ్ తీసుకుని, టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో బ్లాక్ చేయించేసరికి రోజులు గడిచిపోతాయి. ఈలోపు ఆ ఫోను ఎవరు చెక్ చేసినా శుభ్రంగానే కనిపిస్తుంది.

స్థలం కొనేముందు మనం ఈసీ తీయిస్తాం. రిజిస్టర్ అయినవే అందులో కనిపిస్తాయి, నోటిమాట అగ్రిమెంట్లు కనిపించవు. ఇదీ అంతే. ఆ నంబరు నిజంగా కేటాయించినదే, ఈరోజుకి బ్లాక్‌లో లేదు అన్నంతవరకే జవాబు చెబుతుంది. అమ్ముతున్నవాడిదేనా, కంతులు బాకీ ఉన్నాయా, పాత మనిషి గూగుల్ అకౌంటో ఆపిల్ అకౌంటో తీసేశాడా అన్నవి అందులో ఉండవు, విడిగా చూసుకోవాల్సిందే.

ఇంకొకటి, చాలామంది జవాబులో చివరి ముక్క ఒక్కటే చూస్తారు. పైన కంపెనీ పేరు, మోడల్ పేరు కూడా వస్తాయి, అసలు చూడాల్సింది అవి. 15 అంకెల్లో మొదటి 8 అంకెలు మోడల్‌ను చెబుతాయి కాబట్టి చేతిలో ఒక ఫోను ఉండి జవాబులో మరొకటి వస్తే ఆ నంబరు ఎక్కడినుంచో ఎత్తి పెట్టారని అనుమానించాలి. డబ్బా మీది స్టిక్కర్ చూసి నంబరు కొట్టకండి, *#06# నొక్కి తెరమీద వచ్చినదే కొట్టండి, రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లూ చెక్ చేయండి. డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉంది అనో వస్తే ఎంత చవకైనా వద్దు, టెలికాం శాఖ చెప్పేదీ అదే.

ఐఎంఈఐ మార్చడం మామూలు నేరం కాదు. 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. పాత ఫోన్ల వ్యాపారులు కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ ఐఎంఈఐని బ్లాక్ జాబితాతో సరిచూసుకోవాలని 2025 అక్టోబరులో సవరించిన టెలికాం సైబర్ సెక్యూరిటీ నియమాలు చెబుతున్నాయి. మన ఊళ్లో ఎన్ని షాపుల్లో చీటీ మీద కనీసం ఐఎంఈఐ రాసిస్తున్నారో అధికారులు ఒకసారి వెళ్లి చూడాలి.

పోయిన ఫోన్లు వెతికి తిరిగి ఇవ్వడంలో మన జిల్లా పోలీసులు బాగా పనిచేస్తున్నారు, అందుకే వాళ్లనే అడుగుతున్నా. పాత ఫోన్లు అమ్మే ప్రతి షాపులో ఏ జవాబు వస్తే ఏమిటో తెలుగులో బోర్డు పెట్టించండి. రెండు ఐఎంఈఐలు, అమ్మినవాళ్ల వివరాలు, తేదీ రాసి సంతకం చేసిన బిల్లు ఇవ్వాలని గట్టిగా చెప్పండి. తర్వాత ఫోను బ్లాక్ అయితే డబ్బు వెనక్కి ఇస్తామన్న మాట కూడా ఆ బిల్లు మీదే ఉండాలి.

ఒక పాఠకురాలు,
కోర్లగుంట, తిరుపతి