300డి ఇంకా మా షెడ్‌లోనే ఎందుకుందంటే

కస్టమర్లందరికీ నమస్కారం.

దసరా లోపు ఇస్తానని మాటిచ్చిన 1982 మెర్సిడెస్ 300డి ఇంకా మా దగ్గరే ఉంది. దాని వెనక వరుసలో ఉన్న అంబాసిడర్, కాంటెస్సా ఓనర్లు ఇద్దరూ రెండేసి సార్లు ఫోన్ చేశారు. "పని జరుగుతోంది సార్" అని చెప్పి పెట్టేయడం నాకే నచ్చలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పార్టులు దొరక్క ఆలస్యం కాలేదు. తప్పు మాది.

ఈ కారు అనంతపురం నుంచి బెంగళూరుకి మా దగ్గరికి వచ్చింది. ఓనర్ గారి నాన్నగారు నడిపిన బండి. పెయింటుతో పాటు ఓనర్ గారు చెప్పిన కంప్లయింట్ ఒక్కటే: తాళం తిప్పి బయటికి తీసినా ఇంజిన్ ఆగడం లేదు. అదీ ఎప్పుడూ కాదు. పొద్దున్నే స్టార్ట్ చేసి ఆపితే బుద్ధిగా ఆగుతుంది. హిందూపురం దాకా వెళ్లొస్తే మాత్రం ఆగదు. బానెట్ ఎత్తి ఇంజిన్ మీదున్న స్టాప్ లివర్ నొక్కాల్సిందే.

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ఉండదు కదా, కరెంటు తీసేస్తే ఆగిపోవడానికి. ఈ డబ్ల్యూ123 మోడల్‌లో తాళం తిప్పగానే వాక్యూమ్, అంటే గాలిని పీల్చే శక్తి, పైపుల్లోంచి వెళ్లి, ఇంజిన్‌కి డీజిల్ అందించే ఇంజెక్షన్ పంప్ మీదున్న షటాఫ్ వాల్వ్‌ని లాగుతుంది, డీజిల్ ఆగిపోతుంది. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బ్రేక్ బూస్టర్ పనిచేసేదీ ఆ వాక్యూమ్‌తోనే. నాలుగు డోర్ల లాకింగూ దానితోనే. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేరు మెత్తగా పడాలన్నా అదే కావాలి. పెట్రోల్ బండికైతే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ దొరుకుతుంది. ఈ డీజిల్‌కి ఆ సౌకర్యం లేదు కాబట్టి ఇంజిన్ ముందు భాగంలో విడిగా ఒక పంప్ పెట్టారు. పంప్ ఒక్కటే, దాని మీద ఆధారపడ్డవి ఇన్ని. అందుకే వెనక డోర్‌లో ఎక్కడో చిన్న చిల్లు పడినా ఇంజిన్ ఆగకుండా మొండికేయొచ్చు.

ఇక మా తప్పు. పెయింటు కోసం ఇంజిన్ బే ఖాళీ చేసేటప్పుడు పైపులకు నంబర్లు కట్టకుండా విప్పేశాం. కంపెనీ రంగులు ఇచ్చింది: గోధుమ రంగు లైన్ ఇంజిన్ ఆపడానికి, పసుపు లైన్లు లాకింగ్‌కి. రంగు చూసి మళ్లీ పెట్టేయొచ్చులే అన్నది నేనే, మా కుర్రాళ్లు కాదు. తీరా పెట్టబోతే నలభై ఏళ్ల ఆయిలుకీ వేడికీ గోధుమేదో పసుపేదో తెలియడం లేదు. పసుపు మీద ఉండాల్సిన ఎర్ర గీత, ఆకుపచ్చ గీత కొన్నిచోట్ల పూర్తిగా చెరిగిపోయాయి. పైగా ఎప్పుడో ఎవరో మూడు చోట్ల బైక్ పెట్రోల్ ట్యూబ్‌తో అతుకులు వేసి ఉన్నారు.

డయాగ్రామ్ వెతికితే దొరికేవన్నీ ఎక్కువగా అమెరికా బండ్లవి. అక్కడ 1982 నుంచి 300డి అంటే టర్బో, దానికి ఉన్న అదనపు పైపులు వేరు. మన దగ్గరున్నది టర్బో లేనిది, స్టీరింగ్ కుడివైపు. వాక్యూమ్ పంప్ ఎడమ పక్క, బ్రేక్ బూస్టర్ కుడి పక్క. ఆ అమెరికా బొమ్మ పట్టుకుని మూడు రోజులు పోగొట్టుకున్నాం. హోసూరు వైపు ఇంకో 300డి ఉందని తెలిసి ఆశగా వెళ్లి చూశాను. అది మాన్యువల్ గేర్‌బాక్స్. మాకు అనుమానం ఉన్న లైన్లే అందులో లేవు.

చివరికి అన్నీ విప్పి, ప్రతి మూతికీ రబ్బరు క్యాప్ పెట్టి, ఒక్కొక్క దారీ విడిగా పట్టుకున్నాం. ముందు బ్రేక్ బూస్టర్ లైన్. అది తేలేదాకా మిగతావి ముట్టుకోలేదు. చేతి పంపుతో 15 ఇంచుల (పాదరసం కొలతలో) వాక్యూమ్ లాగి ఒక నిమిషం చూడటం, ముల్లు పడిపోతే ఆ దారిలో లీకు ఉన్నట్టు. కార్పెట్లు తీసి, డోర్ ప్యాడ్లు విప్పి, డిక్కీలో ఉన్న వాక్యూమ్ ట్యాంక్ దాకా వెళ్లాం. వెనక ఎడమ డోర్‌లో లాక్‌ని కదిపే డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర) చిరిగి ఉంది. గాలిని ఒక వైపుకే వదిలే చెక్ వాల్వులు ఏ దిక్కుకి తిరిగి ఉండాలో ఒక్కొక్కటీ నోటితో ఊది చూసుకున్నాం. మధ్యలో ఇంజిన్ వాక్యూమ్ పంప్ రీడింగ్ తక్కువ వస్తోందని దాన్నీ విప్పబోయాం. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి చెన్నైలో వచ్చే రీడింగ్ కంటే దాదాపు 3 ఇంచులు తక్కువే వస్తుంది. అది గుర్తొచ్చి ఆగాం. పంప్ బాగానే ఉంది.

అన్నీ బిగించి దేవనహళ్లి దాకా వెళ్లొస్తే ఇంజిన్ మళ్లీ ఆగలేదు. ఆ రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంజిన్ వేడిగా ఉండగానే గోధుమ లైన్‌ని వేళ్లతో తడుముకుంటూ పోతే వైరింగ్ కట్ట లోపల నాలుగో అతుకు దొరికింది. అదీ పెట్రోల్ ట్యూబే. లోపల గాలి తోస్తే ట్యూబ్ ఉబ్బుతుంది, గాలి పీలిస్తే నొక్కుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా నిలబడింది కాబట్టి మా టెస్టులో పాస్ అయింది. వేడెక్కాక వంపు దగ్గర చదునై దారి మూసేసింది. అక్కడ గట్టి పైపు వేశాక మూడుసార్లు దేవనహళ్లి వెళ్లొచ్చాం. మూడుసార్లూ తాళం తిప్పగానే ఆగింది.

ఈ వెతుకులాటకు పట్టిన 11 రోజుల లేబర్ బిల్లులో వేయడం లేదు. పైపులు, రబ్బరు ఎల్బోలు, డయాఫ్రమ్ ఖరీదు మాత్రమే ఉంటుంది. డయాఫ్రమ్ ఇంకా రావాలి. అప్పటిదాకా ఆ డోర్ లైన్‌కి క్యాప్ పెట్టి వచ్చే శనివారం బండి ఇచ్చేస్తాను. డయాఫ్రమ్ రాగానే నేనే అనంతపురం వచ్చి బిగిస్తాను.

అంబాసిడర్ సోమవారం లిఫ్ట్ ఎక్కుతుంది. కాంటెస్సాకి ఇంకో రెండు వారాలు పడుతుంది. అంతవరకూ ఆగలేమనుకుంటే అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాను, నేనేమీ అనుకోను. ఇకమీదట ఏ బండైనా సరే, పైపు విప్పే ముందు రెండు కొసలకూ నంబరు టేపు కట్టి, ఫోటో మీ వాట్సాప్‌కి పంపుతాం. అంబాసిడర్‌లో కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లేది ఒక్క సన్నటి పైపే. దానికీ కడతాం. మీ దగ్గర బానెట్ ఎత్తి తీసిన పాత ఫోటోలు ఏమైనా ఉంటే, మసకగా ఉన్నా పర్లేదు, బండితో పాటు ఇవ్వండి.

300డి వాక్యూమ్ లైన్లన్నీ ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో తెలుగులో రాసి బొమ్మ గీశాం. ఒక కాపీ లామినేట్ చేసి ఆ కారు గ్లవ్ బాక్స్‌లో పెట్టాను. రెండోది షెడ్ గోడ మీద ఉంది. అలాంటి బండి ఉన్నవాళ్లు ఆదివారం తప్ప ఎప్పుడైనా వచ్చి ఫోటో తీసుకోవచ్చు.