వదిలినా ఆగని ట్రిగ్గర్

ఒంగోలు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: రెండు వేళ్ల ట్రిగ్గర్ కిట్‌లో లోపం, సొమ్ము వాపసుకు నిరాకరణ

అయ్యా,

కొత్తపట్నం రోడ్డులో చిన్న పెయింట్‌బాల్ (రంగు గుళికలు కాల్చుకునే ఆట) మైదానం నడుపుకుంటూ బతుకుతున్నాను. మీ ట్రిగ్గర్ టిప్‌మన్ 98 మార్కర్‌కు (గుళికలు కాల్చే గ్యాస్ తుపాకీకి) సరిగ్గా సరిపోతుందని, ఆకురాయి పట్టే పనే ఉండదని, బ్యాటరీ లేకుండానే రెండు వేళ్లతో మార్చి మార్చి నొక్కి వేగంగా కాల్చవచ్చని ప్రకటించారు. నమ్మి తెప్పించాను. వేగం వచ్చిన మాట నిజమే, కానీ అది వేళ్ల వేగం కాదు. ఒక్కసారి నొక్కితే రెండు మూడు గుళికలు వాటంతట అవే వెళ్లిపోతున్నాయి.

విప్పి చూస్తే పిన్ను పక్కన ట్రిగ్గర్ నల్లరంగు గీసుకుపోయి లోహం మెరుస్తోంది. అంటే లోపలి గోడకు రాసుకుంటోంది. నొక్కాక దాని వెనుక అంచు సియర్‌ను, అంటే లోపల ముందుకూ వెనక్కూ కదిలే బోల్టును పట్టి ఉంచే కొక్కేన్ని, సకాలంలో వదలడం లేదు. సియర్ తిరిగి లేస్తేనే కదా వెనక్కి వచ్చే బోల్టును పట్టి ఆపేది! పట్టు దొరకని బోల్టు మళ్లీ ముందుకు దూకి గ్యాస్ వదిలే వాల్వును కొడుతోంది, ఇంకో గుళిక బయటికి పోతోంది. ట్రిగ్గర్ కదలికను సరిచేసుకోవడానికి చిన్న స్క్రూ అయినా మీరు పెట్టలేదు.

దీనికి మీ సిబ్బంది జవాబు: హాపర్ (పైనున్న గుళికల డబ్బా) గుళికలను త్వరగా దించడం లేదట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. హాపర్ వెనకబడితే గుళిక నలిగి బ్యారెల్ నిండా రంగవుతుంది, లేదా ఉత్త గ్యాస్ వస్తుంది. అంతే తప్ప మార్కర్ తనంతట తాను కాల్చదు. హాపర్ పూర్తిగా తీసేసి చూసినా ఇదే వరస. పాత ట్రిగ్గర్ బిగించగానే నొక్కినప్పుడల్లా ఒకే దెబ్బ.

మార్కర్ విప్పారు కనుక వాపసు కుదరదన్నది రెండో జవాబు. విప్పకుండా ట్రిగ్గర్ ఎలా మార్చాలో సెలవివ్వండి. మార్కర్‌ను రెండు సగాలుగా విడదీయాలని మీరు పంపిన బొమ్మల కాగితమే చెబుతోంది.

గుళిక వేగం సెకనుకు 300 అడుగులు దాటకుండా చూసుకుని మరీ మార్కర్లు ఆటగాళ్ల చేతికిస్తాం. ఆ వేగంలోనైనా, ఎవరైనా మాస్కు ఎత్తిన క్షణంలో అదనంగా ఒక్క గుళిక తగిలితే కన్ను పోవచ్చు.

కిట్ ధర, రవాణా ఖర్చు వాపసు ఇచ్చి కిట్‌ను మీ ఖర్చుతో తీసుకెళ్లండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. వ్యాపారానికి కొన్నారన్న సాకు చెప్పవద్దు. స్వయం ఉపాధితో బతికేందుకు కొన్నవారు కూడా 2019 చట్టం కింద వినియోగదారులే. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. రసీదు, వీడియో జతచేశాను.

ఇట్లు,
మైదానం నిర్వాహకుడు