శీనుగా, ఆ రెండు లక్షలు ఎట్ల పెడ్తవు?

హన్మకొండ

అరే శీనుగా,

మీ పూర్వ విద్యార్థులు రెండు లక్షలు జమచేసిండ్రని, కాలేజీలల్ల లైంగిక హింస ఆపేటందుకు విద్యార్థులతోని పరిశోధన చేయిస్తరని రాసినవు. మంచి పని. చెక్కు రాయకముందే నా సోది జర ఇను.

పరిశోధన చేసే ఎనిమిది విద్యార్థి జట్లకు పాతికవేలు చొప్పున పంచుడు కన్న నాలుగు జట్లకు యాభైవేలిచ్చుడు నయం. పాతికవేలల్ల జిరాక్సులు, బస్సు కిరాయిలు ఎల్లిపోతయి, కౌన్సెలర్‌కు పైస మిగలదు. యాభైవేలల్ల పన్నెండువేలన్న ఆమెకే పక్కకు పెట్టు. జవాబు చెప్పే పిల్లకు పాత గాయం రేగుతది. అడిగే పిల్లకు సుత, పది మాటలు విన్నంక నిద్ర పట్టదు. ఈ రెండోది ఎవ్వళ్లకూ యాదికుండదు.

"ఎంతమందికి జరిగింది" అని లెక్క తీస్తమనే ప్రతిపాదనలే ఎక్కువొస్తయి చూడు. అయిదు శాతం అటిటుగ లెక్క కావాలంటే 384 మంది కావాలె. క్లాసులకు క్లాసులే ఎంచుకుంటే ఒకటిన్నర రెట్లు, అంటే 576 దాక పోతది. అంత చేసినా ఏం చేస్తే తగ్గుతదో తెల్వదు. తగ్గించే పనిని పరీక్షిస్తమనేటోళ్లకియ్యి. కెనడాల మూడు యూనివర్సిటీల్ల ఫస్టియర్ అమ్మాయిలకు మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు పెట్టిండ్రు. 2015ల అచ్చయిన ఫలితం ప్రకారం, ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనోళ్లు వీళ్లల్ల 5.2 శాతం, కరపత్రాలే అందినోళ్లల్ల 9.8. పన్నెండు గంటల మెహనత్ అది. మన దగ్గరేమో ఫ్లెక్సీ, శాలువ, గంట ఉపన్యాసం! ఆడపిల్లలకే పాఠమా అని గునుస్తవు, నిజమే. ఒక్క జట్టుకన్న మగపిల్లలతోని పనిచేసే షరతు పెట్టు.

తక్కువ ఖర్చుల మంచి ప్రశ్నలు ఇంకా ఉన్నయి. పరకాల, నర్సంపేట బస్సులకు సాయంత్రం ఆడపిల్లలు ఏ స్టాపుల, ఎంతసేపు, ఏ వెలుతుర్ల నిలబడ్తరు? లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకునే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీల ఒక్క సభ్యురాలి పేరన్న ఎంతమందికి ఎరుక? యూజీసీ 2015 నిబంధనల ప్రకారం విద్యార్థుల కేసుల్ల, ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు సుత కూసోవాలె. మూడు నెలల్ల ఫిర్యాదియ్యాలె, 90 రోజుల్ల విచారణ అయిపోవాలె. నోటీసుబోర్డు మీద ఇదంత ఉందా లేదా చూసుడే ఒక పరిశోధన. కాని కమిటీ ఫైళ్లు అడగొద్దు, 2013 లైంగిక వేధింపుల చట్టం వాటిని బయటపెట్టనియ్యదు. సంఖ్యలే అడగాలె.

ప్రశ్నల కాడనే కొంపలు మునుగుతయి. "నిన్ను లైంగికంగ వేధించిండ్రా?" అంటే "లే" అంటరు. "బస్సుల కావాలని మీద పడ్డరా? వద్దన్నా ఫోన్లు చేసిండ్రా?" అంటే చెప్తరు. అమెరికాల మేరీ కాస్ అనే పరిశోధకురాలు 1987ల అచ్చయిన సర్వేల 32 కాలేజీలల్ల 6,159 మందిని ఇట్ల చేష్టలు చెప్పి అడిగింది. చట్టం లెక్కన అత్యాచారమైన ఆడపిల్లలల్ల దాన్ని ఆ పేరుతోని పిలిచినోళ్లు 27 శాతమే.

క్లాసుల కూసోబెట్టి ఫారం నింపిస్తే పక్క బెంచోడు తొంగిచూస్తడు, అబద్ధమే రాస్తరు. సమ్మతి సంతకం కాగితాన్ని జవాబుల కాగితానికి పిన్ను కొడ్తరు, పేరు బయటపడ్డట్టే. ఆన్‌లైన్ ఫారమైతే ఈమెయిల్ తీసుకునే సెట్టింగు బందు చేయాలె. ఎనిమిదిమంది అమ్మాయిలున్న డిపార్ట్‌మెంటు పట్టిక అచ్చేస్తే ఎవరెవరో ఊరంత గుర్తుపడ్తది. పదికి తక్కువుంటే వేరే డిపార్ట్‌మెంటుతోని కలపమను. ఇంకొకటి, ఫస్టియర్ల 17 ఏళ్లోళ్లు ఉంటరు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో, దాని 19వ సెక్షన్ కింద నేరం తెలిస్తే పోలీసుకు చెప్పక తప్పదు, రహస్యం అని మాటిచ్చి తప్పినట్టైతది. అందుకే 18 నిండినోళ్లనే తీసుకోమను.

పైసలు మూడు వాయిదాలు చేయి. పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక కమిటీ అనుమతి చూపెట్టినంక ఇరవైవేలు, కౌన్సెలర్ పైసలు ముందుగాల ఇందుల్నే తియ్యాలె. సమాచారం చేతికొచ్చినంక ఇరవై, నివేదికకు పది. మీ కాలేజీల నైతిక కమిటీ లేకుంటే దగ్గర్ల యూనివర్సిటీదో మెడికల్ కాలేజీదో ఇప్పుడే అడుగు, నెలలు పడ్తయి. ఫలితం చేదుగున్నా అచ్చేస్తమని ప్రిన్సిపాల్ సంతకం మొదటి వాయిదాకు ముందే తీసుకో. తర్వాత అడిగితే కాలేజీ పరువంటరు.

బతుకమ్మ సెలవులల్ల హాస్టల్ ఖాళీ, అప్పుడు సర్వే పెట్టకు. దసరా దాటినంక మొదలుపెట్టమను. ప్రతిపాదనలు వచ్చినంక నాకు పంపు, చదివి పెడ్త.

నీ దోస్తు