206 అని రాశారు, మోచెయ్యి మాత్రం గీయలేకపోయారు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరో తరగతిలో అస్థిపంజరం పాఠం అయ్యాక పరీక్ష పెట్టాం. పెద్దవాళ్ళ ఒంట్లో ఎముకలెన్ని అంటే దాదాపు అందరూ 206 అని రాశారు. మర్నాడు ఒంటి ఆకారం మాత్రమే ఉన్న కాగితమిచ్చి, లోపలి ఎముకలు గీయమన్నాం. చాలామంది భుజం నుంచి మణికట్టు దాకా ఒకే ఎముక గీసి, మోచేతి దగ్గర దాన్నే వంచేశారు. కొందరి బొమ్మల్లో ఎముకలు ఒకదానికొకటి తగలనే లేదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. లెక్క అడిగాం, లెక్క చెప్పారు.

అందుకే ఈ నెల నుంచి పరీక్ష తీరు మార్చాం. దండ చెయ్యి పట్టుకుని మోచెయ్యి మడవమంటాం, చాపమంటాం, ఎక్కడ బిగిసిందో చెప్పమంటాం. మడిచిన కండే చేతిని మళ్ళీ వెనక్కి నెడుతుందని మొదట అందరూ అన్నారు. కండరం లాగుతుందే తప్ప నెట్టలేదు. సైన్సు టీచరు మన కాలువల్లో పూర్వం గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగే సంగతి చెప్పారు. కాసేపటికి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "అయితే చెయ్యి చాపడానికి వెనకవైపు ఇంకో తాడుండాలి కదండీ" అంది. పుస్తకంలో ఆ వాక్యం లేదు. పూర్తి మార్కులు వేశాం.

మోకాలు తలుపు బందులా ఒకవైపే వంగుతుంది. తుంటి కీలు రుబ్బురోట్లో పొత్రంలా చుట్టూ తిరుగుతుంది. మీ తోటలో కొబ్బరి దింపు తీసేటప్పుడు పిల్లల్ని దూరంగా నిలబెట్టి, చెట్టెక్కే మనిషికి ఏయే కీళ్ళు వంగుతున్నాయో చెప్పమనండి. ఆదివారం కోడిని కోసినప్పుడు కాలి కోతలో కనిపించే తెల్లటి నరంలాంటిదాన్ని లాగి చూపించండి, వేళ్ళు ముడుచుకుంటాయి. అది నరం కాదు, కండను ఎముకకు కట్టే స్నాయుబంధనం. తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి. జవాబు మాత్రం మీరు ముందే చెప్పేయకండి, వాళ్ళు తప్పు చెప్పినా కాసేపు ఆగండి.

ఒక సాయం కావాలి. ఇంట్లో పాత ఎక్స్‌రేలుంటే పేరు కనపడకుండా కాగితం అంటించి పంపండి. పిల్లలవీ పెద్దలవీ రెండూ కావాలి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో సన్నటి సందు కనిపిస్తుంది. అది ఎముక విరిగిన చోటు కాదు, ఎముక పొడవు పెరిగే మృదులాస్థి, అంటే మెత్తటి ఎముకలాంటిది, ఉన్న చోటు. కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి చూపించాక, ఎవరివి వాళ్ళకు తిరిగి పంపిస్తాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు