యెరూషలేము పేరుకు అర్థం ‘శాంతి నగరం’ అని తేల్చేయవచ్చా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. మీ పత్రిక ఆధ్యాత్మిక పుటలో యెరూషలేమును గురించి వచ్చిన వ్యాసం చదివాను. ‘యెరూషలేము అంటే హెబ్రీ భాషలో శాంతి నగరం’ అని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ప్రసంగాల్లో తరచూ వినిపించే మాటే అయినా, దాన్ని భాషాపరమైన సత్యంగా అచ్చువేయడం సరికాదని మనవి చేస్తున్నాను.

హెబ్రీలో నగరాన్ని ‘ఈర్’ అంటారు. ఆ మాట ‘అయిన్’ అనే అక్షరంతో మొదలవుతుంది. యెరూషలేము పేరులో ఆ అక్షరం ఎక్కడా లేదు. దాని మొదట ఉన్నవి యోద్ (య), రేష్ (ర), వావ్ (ఊ) అనే అక్షరాలు. అందుకే భాషావేత్తల్లో ఎక్కువమంది ‘యెరూ’ అన్న భాగాన్ని పునాది వేయడం అనే అర్థమున్న ధాతువుతో కలిపి చూస్తారు. భూమికి మూలరాయి వేసినవాడెవడని దేవుడు యోబును అడిగిన చోట (యోబు 38:6) హెబ్రీ మూలంలో ఉన్నది ఆ ధాతువే. ఇక ‘షాలేము’ కనానీయుల దేవుని పేరు. సిరియా తీరాన ఉగరిత్‌లో దొరికిన మట్టిపలకల్లో, వేకువ దేవుడైన షహరుకు జంటగా, సంధ్యవేళ దేవుడిగా ఇతడే షాలిము అన్న పేరుతో కనిపిస్తాడు. ఆ లెక్కన ఈ పేరుకు ‘షాలేము పునాది’ అన్న అర్థమే బలంగా నిలుస్తుంది.

పేరు ఇశ్రాయేలీయుల కంటే పాతదనడానికి సాక్ష్యం ఈజిప్టులో ఉంది. 1887లో అమర్నాలో బయటపడిన క్రీ.పూ. 14వ శతాబ్దపు మట్టిపలకల్లో ఈ ఊరి పాలకుడు అబ్ది హెబా ఫరోకు రాసుకున్న లేఖలున్నాయి. వాటిలో ఊరి పేరు ‘ఉరుసలిము’. శత్రువులు చుట్టుముడుతున్నారు, విలుకాండ్రను పంపండని వేడుకుంటూ, రాజైన ఫరో తన నామాన్ని ఉరుసలిములో శాశ్వతంగా ఉంచాడు గనుక ఈ దేశాన్ని విడిచిపెట్టరాదని ఆయన ఒక లేఖలో వాదిస్తాడు. యెహోవా తన నామమును ఉంచడానికి కోరుకున్న పట్టణమని రాజుల గ్రంథం చెప్పే మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి! దావీదు ఆ కోటను పట్టుకోవడానికి కొన్ని శతాబ్దాల ముందే ఫరోను ఉద్దేశించి రాసిన మాట ఇది.

అలాగని శాంతి అన్న అర్థాన్ని పూర్తిగా తోసిపుచ్చమని నేను అనను. షాలేము, శాంతి అనే అర్థమున్న షాలోము రెండూ ఒకే ధాతువు బిడ్డలు. నిండుదనం, కొరత లేకపోవడం ఆ ధాతువుకు మూలార్థం. యెరూషలేము అన్న పూర్తి పేరు మోషే పంచకాండాల్లో ఒక్కసారి కూడా రాదు, అబ్రాహాము కాలపు రాజు మెల్కీసెదకు ఏలిన ‘షాలేము’ మాత్రమే వస్తుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక ఆ రాజును సమాధానపు రాజని వివరిస్తుంది. 122వ కీర్తనలోని ‘షఅలూ షెలోమ్ యెరూషలాయిమ్’ (యెరూషలేము శాంతి కోసం ప్రార్థించండి) అన్న పిలుపును పైకి చదివితే, ష, ల అక్షరాల అనుప్రాసతో కవి ఊరి పేరులోంచే శాంతిని పలికించాడని తెలుస్తుంది. అది వ్యుత్పత్తి కాదు, కవి చేసిన ప్రార్థన. దాని విలువ దానికుంది.

యూదు రబ్బీలు మరో దారి పట్టారు. ఆదికాండంపై వారు రాసిన బెరేషీత్ రబ్బా అనే వ్యాఖ్యానం ప్రకారం అబ్రాహాము ఆ స్థలాన్ని ‘యీరే’ (చూస్తాడు) అన్నాడు, నోవహు కుమారుడు షేము ‘షాలేము’ అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాటా తీసివేయక దేవుడు రెంటినీ కలిపి యెరూషలేము అని పిలిచాడు. చరిత్రగా కాకపోయినా, భక్తుల ఊహగా ఇది నాకు ఎంతో ప్రియమైన వివరణ.

పలుకుబడి సైతం ఒకే తీరున లేదు. హెబ్రీ లేఖనాల్లో దాదాపు అన్నిచోట్లా చివరి ‘మ్’కు ముందు యోద్ లేకుండానే రాసి, ‘యెరూషలాయిమ్’ అని చదువుతారు. రోమీయులపై క్రీ.శ. 66లో మొదలైన తిరుగుబాటు తొలి ఏట ముద్రించిన వెండి నాణేలపై ఆ యోద్ లేదు, రెండో ఏటి నాణేలపై ఉంది.

కాబట్టి ఇకమీదట ఈ పేరును వివరించే వ్యాసాల్లో ‘షాలేము పునాది’ అన్నది భాషావేత్తల అభిప్రాయమనీ, శాంతి అన్నది లేఖనాలు ఆ పేరులో విన్న అర్థమనీ వేర్వేరుగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు